బాలింత గదిలోని వస్తువులు

ఇంటిలో బిడ్డ పుట్టిన దినమున అందరి కన్నులు ఊయలవైపే యుండును. బిడ్డ బరువెంత, ఎవరి పోలిక, పాలు త్రాగుచున్నదా అని పదిమంది పది ప్రశ్నలు వేయుదురు. ప్రక్క మంచముమీద పండుకొనియున్న తల్లిని మాత్రము "బాగున్నావా అమ్మా" అని ఒక్కమాట అడిగి ఊరకుందురు. కాని ఆ సమయమున ఆ యింటనున్న పెద్దలందరిలో అతివేగముగా మార్పు చెందుచున్న శరీరము ఆమెదే. తొమ్మిది నెలలలో పెరిగిన గర్భాశయము ఆరు వారములలో తిరిగి చిన్నది కావలెను. తెగిన చోటు అతుకుకొనవలెను. పోయిన రక్తము మరల తయారు కావలెను. వీనితోపాటు బిడ్డకు కావలసిన పాలు కూడ ఉత్పత్తి కావలెను.

ఈ పనులకు తోడ్పడుటకై బాలింత గదిలో కొన్ని వస్తువులు చేరును. మెత్తని బట్టలు, వేడినీళ్లు, నడికట్టు, సాంబ్రాణి, కుంపటి, కాయము మొదలైనవి మన యిండ్లలో పూర్వమునుండి యున్నవి. మాత్రలు, సానిటరీ ప్యాడులు, మంచుగడ్డ సంచి వంటివి తరువాత వచ్చినవి. వీనిలో కొన్ని మేలు చేయునవి. కొన్ని మితముగా వాడిననే మేలు చేయునవి. కొన్ని ప్రాణాపాయము కలిగించునవి. పాతదైనంత మాత్రమున చెడ్డది కాదు, కొత్తదైనంత మాత్రమున మంచిదియు కాదు. ప్రతి వస్తువును గూర్చి వేయవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది శరీరములో ఏ పనికి, ఏ విధముగా సాయపడుచున్నది?

గర్భాశయము తనకు తానే కట్టుకొను కట్టు

నెలలు నిండిన గర్భిణి గర్భాశయమునకు నిమిషమునకు సుమారు అర లీటరునుండి ముప్పాతిక లీటరు వరకు రక్తము ప్రవహించుచుండును. మావి విడివడినప్పుడు దాని క్రిందనున్న రక్తనాళముల నోళ్లు తెరచుకొనును. అవి అట్లే యుండినచో కొద్ది నిమిషములలోనే తల్లి ప్రాణము పోవలసినదే. అట్లు జరుగకుండుటకు కారణము గర్భాశయపు గోడలోని కండరముల అమరిక. అచ్చటి కండర తంతువులు ఒకదానితో ఒకటి అల్లుకొని, వాని సందులగుండ రక్తనాళములు పోవుచుండును. కండరము ముడుచుకొనగానే ఆ నాళములు త్రాటితో బిగించినట్లు మూసికొనిపోవును.

ఈ ముడుచుకొనుటకు ఆజ్ఞ నిచ్చు పదార్థము ఆక్సిటోసిన్ అను హార్మోను. మెదడు అడుగు భాగముననున్న పిట్యూటరీ గ్రంథినుండి ఇది రక్తములోనికి వచ్చును. ఆ గ్రంథి సారమునకు గర్భాశయమును ముడుచుకొనజేయు శక్తి కలదని 1906లో హెన్రీ డేల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గమనించెను. అది తొమ్మిది అమైనో ఆమ్లముల గొలుసు అని తేల్చి, 1953లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డ్యూ విన్యోకు 1955లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. నేడు ఆసుపత్రులలో కాన్పు కాగానే తల్లికి ఇచ్చు ఇంజెక్షను సాధారణముగా ఇదియే. ఇది వేడికి చెడిపోవును గనుక శీతల పెట్టెలో నుంచవలెను. శిక్షణ పొందినవారే ఇయ్యవలెను.

బిడ్డ చన్ను కుడుచునప్పుడు కూడ ఈ హార్మోనే విడుదల యగును. తొలిదినములలో పాలిచ్చునపుడు తల్లికి పొత్తికడుపులో నొప్పి కలుగుటకు ఇదియే హేతువు. ఆ నొప్పి రోగ లక్షణము కాదు. గర్భాశయము తన పనిని తాను చేయుచున్నదనుటకు గుర్తు. కాన్పు నాటికి సుమారు ఒక కిలోగ్రాము తూగు గర్భాశయము, వారము దినములలో దాదాపు అందులో సగమగును. ఆరు వారములకు వంద గ్రాములకు లోపుగా తగ్గిపోవును.

బట్ట, ప్యాడు, త్రాసు

గర్భాశయపు లోపలి పొర మానుచుండగా కొన్ని వారముల వరకు స్రావము వెలువడుచుండును. మొదటి మూడు నాలుగు దినములు ఎఱ్ఱగాను, పిమ్మట గులాబి గోధుమ రంగుల కలయికగాను, పది దినముల తరువాత పసుపు తెలుపుల మిశ్రముగాను మారి, నాలుగు నుండి ఆరు వారములలో ఆగిపోవును. దీనిని పీల్చుకొనుటకు మన స్త్రీలు పాత నూలుచీరల బట్టను వాడుచుండిరి. ఇందులో శాస్త్రమున్నది. నూలుపోగులో నుండు సెల్యులోజు నీటిని ఆకర్షించును. పోగుల నడుమనున్న సన్నని సందులలోనికి ద్రవము కేశికాకర్షణముచేత ఎగబ్రాకును. దీపపు వత్తి నూనెను పీల్చునదియు ఇట్లే.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున గాయములకు కట్టుటకై కొయ్యగుజ్జునుండి తయారైన దూదివంటి పదార్థమును నర్సులు తమ బహిష్టు అవసరమునకు కూడ వాడుకొనిరి. దానినుండియే 1920లో అమెరికాలో కోటెక్స్ అను పేరుతో ప్యాడులు విక్రయమునకు వచ్చినవి. నేటి ప్యాడులలో పెక్కింటియందు సోడియం పాలీఆక్రిలేట్ అను పొడి యుండును. ఇది తన బరువునకు అనేక రెట్లు ద్రవమును పీల్చి జిగురుముద్దగా మార్చి, నొక్కినను వెలుపలికి రానీయదు.

ఏది వాడినను ప్రధానమైనది శుభ్రత. కాన్పు తరువాత కొంతకాలము గర్భాశయపు లోపలి భాగము పచ్చిపుండువంటిది. బట్టను వాడువారు సబ్బుతో ఉతికి, ఎండలో పరచి, పూర్తిగా ఆరనియ్యవలెను. సిగ్గుచేత మూలగదిలో చీర మాటున ఆరవేసిన తడిబట్టపై సూక్ష్మజీవులు పెరుగును. నాలుగైదు గంటల కొకసారి మార్చుటయు, మార్చుటకు ముందును తరువాతను చేతులు కడుగుకొనుటయు అవసరము. యోనిలోపల నుంచు సాధనములను వేటినైనను వైద్యులు చెప్పువరకు, అనగా సుమారు ఆరు వారములు, వాడరాదు.

బట్టవలన మరియొక ప్రయోజనము కలదు. ఒక మిల్లీలీటరు రక్తము ఇంచుమించు ఒక గ్రాము తూగును. పొడిగానున్నప్పుడు 50 గ్రాములున్న ప్యాడు తడిసిన తరువాత 130 గ్రాములైనచో, పోయినది సుమారు 80 మిల్లీలీటర్లు. ఆసుపత్రులలో ఈ చిన్న లెక్కతోనే రక్తనష్టమును అంచనా వేయుదురు. కంటితో చూచి చెప్పు అంచనా తరచుగా అసలుకంటె తక్కువగా నుండును. కాన్పు సమయమున తల్లి క్రింద పరచుటకు, అడుగున సంచివలె నుండి కొలతగీతలు గల ప్లాస్టిక్ గుడ్డ నొకదానిని వాడి, రక్తస్రావమును ముందుగా గుర్తించి, వెంటనే చికిత్సలన్నిటిని ఒక్కసారిగా ప్రారంభించు పద్ధతిని కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికా దేశములలో పరీక్షించిరి. తీవ్ర రక్తస్రావమును, దానివలన కలుగు శస్త్రచికిత్సలను, మరణములను కలిపి లెక్కింపగా అవి 60 శాతము తగ్గినట్లు 2023లో ప్రకటించిరి. గీతలున్న గుడ్డ రక్తమును ఆపలేదు. కాని సమయమునకు హెచ్చరించినది.

సబ్బు, నీరు

వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో, వైద్య విద్యార్థులు పనిచేయు విభాగమున 1847 ఏప్రిల్‌లో ప్రసవించిన స్త్రీలలో సుమారు 18 శాతము మంది సూతికా జ్వరముతో మరణించిరి. శవపరీక్ష గదినుండి తిన్నగా ప్రసవ గదికి వచ్చు వైద్యుల చేతులే ఇందుకు కారణమని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ఊహించి, క్లోరిన్ గల సున్నపునీటితో అందరిని చేతులు కడుగుకొనుమని శాసించెను. ఆ జూలై నాటికి మరణములు 2 శాతమునకు లోపుగా దిగెను. సూక్ష్మజీవి సిద్ధాంతము అప్పటికింకను స్థిరపడలేదు. 1879లో లూయీ పాశ్చర్ ఈ జ్వరమునకు హేతువైన గొలుసుకట్టు సూక్ష్మజీవులను చూపెను. 1936లో లండనులో లెనార్డ్ కోల్‌బ్రూక్ ప్రాంటోసిల్ అను సల్ఫా మందుతో ఆ జ్వరమునకు చికిత్స చేయగలిగెను. మందు వచ్చినను, మొదటి రక్షణ ఇప్పటికిని సబ్బే.

కుట్లు పడినవారికి నీరు మరియొక విధముగా సాయపడును. మూత్రమునందలి లవణములు పుండునకు తగిలినప్పుడు మంట పుట్టును. మూత్ర విసర్జన సమయమున శుభ్రమైన గోరువెచ్చని నీటిని పైనుండి పోయుచుండినచో మూత్రము పలుచబడి మంట తగ్గును. ఇందుకై దుకాణములలో ముక్కు గల సీసాలు అమ్మబడుచున్నవి. బాగుగా కడిగిన ప్లాస్టిక్ సీసా మూతకు నాలుగు రంధ్రములు చేసినను ఆ పని జరుగును. కడుగునప్పుడు ఎల్లప్పుడు ముందునుండి వెనుకకు కడుగవలెను; మలద్వారము వద్దనున్న సూక్ష్మజీవులు ముందునకు రాకూడదు.

మొదటి ఒకటి రెండు దినములలో వాపుపై చల్లదనము మంచిది. బట్టలో చుట్టిన మంచుగడ్డను పది పదిహేను నిమిషములు ఉంచినచో రక్తనాళములు సంకోచించి వాపును నొప్పియు తగ్గును. మంచును తిన్నగా చర్మముపై పెట్టరాదు. పిమ్మట వెడల్పు పళ్లెములో గోరువెచ్చని నీరు పోసి పది నిమిషములు కూర్చొనిన, ఆ భాగమునకు రక్తప్రసారము హెచ్చి ఉపశమనము కలుగును. అందులో ఏ మందును కలుపనక్కరలేదు. తరువాత మెత్తని బట్టతో అద్ది ఆరబెట్టవలెను.

నడికట్టు ఏమి చేయును, ఏమి చేయజాలదు

కాన్పైన పిదప కడుపునకు బట్ట బిగించి కట్టుట అనేక ప్రాంతముల ఆచారము. నేడు అదే సాగు పట్టీగా అంగళ్లలో దొరకుచున్నది. కడుపుకోత కాన్పు అయినవారికి లేచునప్పుడు, దగ్గునప్పుడు కుట్లకు ఆసరాగా నుండి నొప్పిని కొంత తగ్గింపవచ్చును. నడుమునకు ధైర్యముగా నుండును. కాని కట్టు గర్భాశయమును చిన్నదిగా చేయదు. ఆ పని చేయునది లోపలి కండరము. కట్టు కొవ్వును కరిగింపదు.

మిక్కిలి బిగించినచో కీడు కూడ కలుగును. పేస్టు గొట్టమును నడుమ నొక్కినచో పేస్టు రెండు కొనలవైపు పోవునుగదా. అట్లే కడుపు నొక్కుకొనినప్పుడు ఒత్తిడి పైకి ఊపిరివైపునకు, క్రిందికి కటితలపు కండరములవైపునకు పోవును. ఈ కటితల కండరములే మూత్రాశయమును గర్భాశయమును మోయుచుండునవి. కాన్పులో సాగి అలసినవియు ఇవియే. వీనిని బలపరచు వ్యాయామమును 1948లో ఆర్నాల్డ్ కీగల్ అను అమెరికా వైద్యుడు ప్రచురించెను. మూత్రమును ఆపుకొనునట్లు ఆ కండరములను బిగించి, ఐదారు సెకన్లు నిలిపి, అంతే సేపు వదలవలెను. పూటకు పదిసార్లు, దినమునకు మూడు పూటలు చేసిన చాలును. దీనికి కొనవలసిన వస్తువేదియు లేదు. దగ్గినప్పుడు మూత్రము జారుటను "పిల్లలు పుట్టిన తరువాత ఇంతే" యని సహించు స్త్రీలు అనేకులు. ఇది చికిత్సకు లొంగునదే.

కుంపటి, పొగ, పథ్యము

బాలింతకు చలి తగులరాదని మంచము క్రింద కుంపటి పెట్టి తలుపులు మూయు వాడుక కలదు. గాలి చాలనిచోట బొగ్గు కాలినపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దీనికి రంగులేదు, వాసనలేదు. రక్తమునందలి హీమోగ్లోబిన్ ఆక్సిజనుకంటె దీనిని రెండువందల రెట్లకు మించిన ఆసక్తితో పట్టుకొనును. మూసిన గదిలో తల్లియు బిడ్డయు నిద్రలోనే మరణింపవచ్చును. సాంబ్రాణి పొగ అప్పుడే ఊపిరి పీల్చుట నేర్చుకొనుచున్న శిశువు ఊపిరితిత్తులకు మంచిది కాదు. వెచ్చదనము కావలెనన్న దుప్పటి చాలును.

నీరు త్రాగినచో ఒంటికి నీరు పట్టునని బాలింతకు దాహమునకు కూడ ఇయ్యని యిండ్లున్నవి. పూర్తిగా పాలిచ్చు తల్లి దినమునకు సుమారు ముప్పాతిక లీటరు పాలిచ్చును. పాలలో అధికభాగము నీరే. దాహమునకు సరిపడ నీరు లేనిచో మలబద్ధము హెచ్చును; కుట్లున్నవారికి అది నరకము. దాహమైనప్పుడెల్ల త్రాగవలెను.

కాయములో వేయు శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కొద్దిపాటిగా తినిన హానిలేదు. అందలి బెల్లము, నెయ్యి శక్తినిచ్చును. తెలకపిండి కూర, మునగాకు, నువ్వులు, గ్రుడ్లు, పప్పు మంచి ఆహారము. దోషమంతయు "ఇది తినరాదు, అది తినరాదు" అని కూరగాయలను పండ్లను మాన్పించి, చారు మెతుకులతో నెలదినములు గడపించు పథ్యములో నున్నది. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ పెంపున రూపొందిన 2020నాటి ప్రమాణముల ప్రకారము, మొదటి ఆరు నెలలు పాలిచ్చు తల్లికి మామూలుకంటె దినమునకు 600 కిలోకాలరీలు అధికముగా కావలెను. ఇది దాదాపు మరియొక పూట భోజనము.

కదలనీయక పండుకొనబెట్టుట కూడ హానికరమే. కాన్పు తరువాత కొన్ని వారములు రక్తమునకు గడ్డకట్టు గుణము హెచ్చుగా నుండును. రక్తస్రావమును ఆపుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది. కాళ్లు కదలక యున్నచో ఆ గడ్డ పిక్క నాళములలో ఏర్పడవచ్చును. కావున శక్తి కొలది గదిలో నడచుట విశ్రాంతికి విరుద్ధము కాదు.

చిన్న మాత్ర, పెద్ద లెక్క

ఒక మిల్లీలీటరు మంచి రక్తములో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉండును. కాన్పులో 500 మిల్లీలీటర్ల రక్తము పోయినచో 250 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్లే. ఆహారమునుండి దినమునకు ఒక మిల్లీగ్రాము ఇనుము మిగులునని యనుకొనినను, ఈ లోటు పూడుటకు 250 దినములు పట్టును. గర్భకాలమున రక్తము పరిమాణము సుమారు 40 శాతమునకు పైగా పెరుగును గనుక ఆరోగ్యవంతురాలు ఈ నష్టమును తట్టుకొనగలదు. ముందునుండియు రక్తహీనతతో నున్నామె తట్టుకొనలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 సంవత్సరముల భారత స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత యున్నట్లు తేలినది.

అందుచేతనే ప్రభుత్వాసుపత్రులలో బాలింతకు 180 దినములపాటు దినమున కొక మాత్ర చొప్పున ఇచ్చుటకు ఏర్పాటు కలదు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. ఆ యినుములో పదవవంతు మాత్రమే ఒంటబట్టినను దినమునకు 6 మిల్లీగ్రాములు. 250 దినముల పని ఆరు వారములలో పూర్తియగును; మిగిలిన దినములలో శరీరమున నిలువ యేర్పడును. మాత్రను నిమ్మరసముతోనో ఉసిరికాయతోనో తీసికొనిన మంచిది, టీతో తీసికొనరాదు. కాల్షియం మాత్రను వేరు పూట మ్రింగవలెను. మలము నల్లబడుట సహజము. దానికి భయపడి మాత్రలు మానరాదు.

ఈ మాత్రలోని ఫోలిక్ ఆమ్లమునకు తెలుగునాటితో సంబంధము కలదు. బొంబాయి నగరపు గర్భిణులలో కనబడిన ఒక విధమైన రక్తహీనతను 1928 మొదలుకొని పరిశోధించిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారముతో అది నయమగునని 1931లో ప్రకటించెను. ఆ సారమునందలి గుణకారి పదార్థమే ఫోలిక్ ఆమ్లము. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. నేడు పల్లెలోని ఉపకేంద్రమున బాలింత చేతిలో పడు మాత్రలో ఆయన కృషి యున్నది.

వస్తువులు చాలని వేళ

పైన చెప్పిన వస్తువులన్నియు మామూలుగా కోలుకొనుచున్న తల్లికి సాయపడునవి. కొన్ని లక్షణములు కనబడినప్పుడు ఏ వస్తువును పనికిరాదు. వైద్యుని వద్దకు పోవలసినదే. గంటకొక ప్యాడు పూర్తిగా తడియుట, నిమ్మకాయంత రక్తపుగడ్డలు పడుట, 100.4 డిగ్రీల ఫారన్‌హీటునకు మించిన జ్వరము. దుర్వాసన గల స్రావము. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ. ఒక పిక్కలో వాపు, నొప్పి. ఆయాసము లేక గుండెలో నొప్పి. ఇవి కాన్పైన ఆరు వారములలో ఎప్పుడైనను రావచ్చును. 108కి ఫోను చేయుటకు ఇంటిలో ఎవరి అనుమతికొరకును వేచియుండరాదు.

మనస్సు కూడ శరీరములోనిదే. మొదటి వారమున అకారణముగా ఏడ్పు వచ్చుట సాధారణము. రెండు వారములు దాటినను విచారము తగ్గక, నిద్రపట్టక, బిడ్డపై ఆసక్తి కలుగక యున్నచో అది జబ్బు. దానికి చికిత్స కలదు. తనకో బిడ్డకో హాని చేయవలెనను తలంపు కలిగినచో ఆలస్యము చేయరాదు. అట్టి తల్లిని మందలించుట వలన ప్రయోజనము లేదు.

2018-20 సంవత్సరముల గణాంకముల ప్రకారము భారతదేశమున లక్ష సజీవ జననములకు 97 మంది తల్లులు మరణించుచుండిరి. ఆంధ్రప్రదేశమున ఈ సంఖ్య 45, తెలంగాణమున 43. పూర్వముతో పోల్చిన ఇది గొప్ప ప్రగతి. అయినను మిగిలిన మరణములలో పెక్కింటిని ఆపవచ్చును. ప్రసవానంతర సందర్శనములకై ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినపుడు బిడ్డను చూపి పంపివేయక, తల్లి సంగతి కూడ చెప్పవలెను.

రక్తప్రసరణము, కేశికాకర్షణము, సూక్ష్మజీవులు, కార్బన్ మోనాక్సైడు, ఇనుము అను పాఠములు ఉన్నత పాఠశాల పుస్తకములలోనే యున్నవి. వానిని చదివిన బాలురును బాలికలును తమ యింట అక్కయో వదినయో పురిటికి వచ్చినప్పుడు గది కిటికీ తెరువగలరు, కుంపటిని వెలుపల పెట్టగలరు, మాత్ర వేసికొన్నదా యని అడుగగలరు, ఆమె అడుగకముందే చెంబుతో నీళ్లు అందింపగలరు.